మూడో గుమ్మం

ఊరి ధర్మసంఘం నడిపే దొన్నా అగ్రిప్పీనా బీదల ఇళ్లు చూడడానికి వస్తే ముందు పొయ్యి దగ్గరికే వెళ్లేది. ఆ రోజు కూడా సెరఫీనా ఉండే గుహలోకి వంగి అడుగుపెట్టి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, కుండ మీద మూత ఎత్తి చూసింది. ఎండు చిక్కుడుగింజల జావ. పైన రెండు ఉల్లిపాయ ముక్కలు తేలుతున్నాయి.

"ఉల్లిపాయ వేశావే," అంది.

"అవునమ్మగారూ."

"నిన్ను తప్పుపట్టడం కాదు ఫీనా. కింద వరసలో నీకంటే లేనివాళ్లున్నారు. ఉల్లిపాయ కొనుక్కోగలిగినవాళ్లకి పిండి ఇస్తే ఆ లేనివాళ్ల నోరు కొట్టినట్టు అవుతుంది గదా."

"కొన్లేదమ్మగారూ. సంతలో బండి కింద దొర్లితే ఏరుకున్నా."

దొన్నా వెనకాల నిలబడ్డ ఇద్దరు ధర్మసంఘం అమ్మగార్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దొన్నా మంచం దగ్గరికి వెళ్లి, సెరఫీనా మామగారు లియోలూకా మీద ఉన్న దుప్పటి కొస రెండు వేళ్లతో ఎత్తింది.

"తాగుతాడా?"

"దగ్గుతాడు," అంది సెరఫీనా.

పిండి సగం సంచీ ఇచ్చి, సంచీ నిండా పట్టేంత హితబోధ చేసి, బాలయేసుని పెంచిన పునీత జోజప్ప బొమ్మ ఉన్న కాగితం ఒకటి చేతిలో పెట్టి వాళ్లు మెట్లెక్కి వెళ్లిపోయారు. వాళ్లు కనుమరుగయ్యే దాకా సెరఫీనా గుమ్మంలోనే నిలబడింది. తొమ్మిదేళ్ల కూతురు మెనికా మూత తీసి కుండలోకి తొంగిచూసి, "ఉల్లిపాయ తీసుకెళ్లలేదులే అమ్మా," అంది.

పోజ్జోనేరా ఊరు కొండ మీద ఉంటే, గంధకం గనుల్లో పనిచేసి చితికిపోయిన కుటుంబాలన్నీ కొండ పక్కన తొలిచిన గుహల్లో ఉండేవి. సెరఫీనా భర్త గని పైకప్పు మీద కూలి చనిపోయి ఐదేళ్లయింది. మామగారి ఊపిరితిత్తుల నిండా గంధకం పొడే. సెరఫీనా పైఊళ్లో నేలలు తుడిచేది, వానాకాలం నత్తలేరేది, ఎండాకాలం అడవి సోంపు ఆకు కోసి అమ్మేది. ఏదీ దొరకని రోజుల్లో ధర్మసంఘం పిండే గతి. దాన్ని తీసుకోవడానికి ఆమెకి సిగ్గులేదు. కానీ ఇచ్చిన ప్రతిసారీ ఆ కళ్లు గుహంతా వెతికేవి, ఎక్కడైనా దాచుకున్న సుఖం దొరుకుతుందేమోనని. ఆ చూపు పోయాక కూడా చాలాసేపు ఒంటి మీద పాకుతున్నట్టే ఉండేది.

ఆ శీతాకాలం దొన్నా అగ్రిప్పీనా భర్త మూత్రపిండాలు దెబ్బతిని మంచం పట్టాడు. గని గుత్తకి తీసుకున్న ఆసామి. పట్నం డాక్టర్లు పెదవి విరిచారు. ఆయన లేచి తిరిగితే జోజప్ప పండగకి బల్ల వేస్తానని దొన్నా మొక్కుకుంది. ఆయన లేచాడు.

బల్ల వెయ్యడమంటే ఆ ఊళ్లో చిన్న సంగతి కాదు. ఊళ్లోకెల్లా బీదవాళ్లు ముగ్గురిని పిలిచి, ఒకరిని జోజప్పగా, ఒకరిని మరియమ్మగా, ఒకరిని బాలయేసుగా కూర్చోబెట్టాలి. ఆ ముగ్గురూ మూడు గుమ్మాలు తడతారు. రెండు చోట్ల లేదు పొమ్మంటారు. మూడో గుమ్మం తెరుచుకుంటుంది. మొక్కుకున్నవాళ్లు వాళ్ల కాళ్లు కడిగి, పాదాలు ముద్దుపెట్టుకుని, స్వయంగా వడ్డించాలి. వాళ్లు తినే దాకా ఆ ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. సెరఫీనా తల్లి అనాథగా ఉన్న రోజుల్లో ఒక ఏడు మరియమ్మగా కూర్చుంది. చనిపోయే దాకా ఆ రోజు తిన్నవన్నీ వరసగా చెప్పేది, మధ్యలో ఒక్కటి మర్చిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది.

పండగకి మూడు రోజుల ముందు సెరఫీనాని నేల తుడవడానికి పిలిచారు. పెద్ద గదిలో మెట్లు మెట్లుగా తెల్లటి దుప్పట్లు పరిచి ఉన్నాయి. వాటి మీద చేతికర్రలా, నిచ్చెనలా, పెద్ద గడ్డంలా చేసిన రొట్టెలు, నారింజపళ్లు. ఆమె మోకాళ్ల మీద వంగి తుడుస్తుంటే వంటమనిషి పక్కింటావిడతో చెప్పే మాటలు వినపడ్డాయి.

"మరియమ్మగా నోటరీ గారమ్మాయి. నీలం పట్టు కుట్టించారు. జోజప్పగా బడిపంతులు. బాలయేసు మా దొన్నా మేనల్లుడే."

సెరఫీనా తుడుపుగుడ్డ పిండి లేచి నిలబడింది. దొన్నా అటుగా వస్తే అడిగేసింది.

"అమ్మగారూ, ఆ ముగ్గురూ బీదవాళ్లు కారు గదా?"

దొన్నాకి కోపం రాలేదు. పిల్లలకి నచ్చచెప్పే గొంతుతో అంది: "చూడు ఫీనా, దుప్పట్లన్నీ కొత్తవి. బిషప్ గారి తమ్ముడు వస్తున్నారు. కింద నుంచి ఎవర్ని తెచ్చినా పేలు, కంపు, పైగా ఒకర్ని పిలిస్తే ఇంకొకరికి కోపమని గొడవ. మీకేం తక్కువ చెయ్యనులే. అందరూ లేచాక పెరటి తలుపు దగ్గరికి రా. పెద్ద గిన్నె తెచ్చుకో."

సెరఫీనా మళ్లీ కూర్చుని మిగతా నేలంతా తుడిచింది. మూలల్లో కూడా వదల్లేదు.

ఇంటికొచ్చి మామగారి పక్కన కూర్చుంది.

"మామయ్యా, పండగ రోజు గడ్డం దువ్వుకో. నువ్వు జోజప్పవి."

"ఎవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదు."

ముసలాయన దగ్గి, ఊపిరి కూడదీసుకున్నాడు. "మరి మెనికా?"

"బాలయేసు."

"ఆడపిల్లేంటే?"

"ఆకలికి ఆడా మగా ఏముంది మామయ్యా. శాలువా కప్పితే ఎవరికి తెలుస్తుంది."

"నీ మొగుడు బతికుంటే వద్దనేవాడు," అన్నాడు ముసలాయన. "నేను అనను. ఆ ఇంటి మెట్లు ఎన్నో చెప్పు, మధ్యలో ఎక్కడ ఆగాలో చూసుకుంటా," అన్నాడు.

పండగ రోజు పూజ అయ్యాక వీధంతా జనం. నోటరీ కూతురు, పంతులు, మేనల్లుడు గుడి మెట్ల మీద ముస్తాబు సవరించుకుంటున్నారు. పంతులుకి దూది గడ్డం అతుక్కోవడం లేదు. ఈలోగా కింద నుంచి ముగ్గురు ఎక్కి వచ్చారు. ముందు లియోలూకా, చేతిలో ఒక కర్ర. పక్కన తలమీద ముసుగుతో సెరఫీనా. ఆమె చెయ్యి పట్టుకుని చెప్పుల్లేకుండా మెనికా.

మొదటి గుమ్మం రొట్టెలు కాల్చేవాడిది. లియోలూకా కర్రతో మూడుసార్లు కొట్టాడు. వాడు తలుపు తీసి వీళ్లని చూసి తికమకపడ్డాడు కానీ, అలవాటైన మాట నోటికొచ్చేసింది: "ఇక్కడ చోటు లేదు, ముందుకెళ్లండి." రెండో గుమ్మం ధర్మసంఘం అమ్మగారొకావిడది. ఆవిడ కిటికీలోంచి చూసి, "ఫీనా, బుద్ధుందా, దిగిపో," అంది. అదీ పొమ్మనడమే అనుకుని వాళ్లు ముందుకెళ్లారు.

అప్పటికే జనం వెంటపడ్డారు. మొదట కొందరు నవ్వారు. ముసలాయన పదేసి అడుగులకి ఒకసారి ఆగి దగ్గడం చూశాక ఆ నవ్వు సన్నగిల్లింది. మూడో గుమ్మం దగ్గరికొచ్చేసరికి వీధిలో ఆయన ఊపిరి గురగుర తప్ప ఏమీ వినపడలేదు.

కర్ర మూడుసార్లు తలుపు మీద పడింది.

"ఎవరది?" లోపల్నించి దొన్నా గొంతు.

"జోజప్ప, మరియమ్మ, బాలయేసు," అంది సెరఫీనా.

"ఏం కావాలి?"

"ఆకలేస్తోంది. నడిచి నడిచి అలిసిపోయాం. కూర్చోడానికింత చోటు కావాలి."

"రండి. ఈ ఇల్లు మీది. బల్ల వేసి ఉంది."

చివరి మాట గట్టిగా, వీధంతా వినేలా చెప్పి దొన్నా అగ్రిప్పీనా తలుపు బార్లా తీసింది. ఎదురుగా సెరఫీనాని చూసి ఆమె ముఖంలో నవ్వు అలాగే బిగుసుకుపోయింది.

"ఏంటీ నాటకం?"

"నాటకం వాళ్లదమ్మగారూ," అంది సెరఫీనా గుడి వైపు చూపించి. "మాకు నిజంగానే ఆకలేస్తోంది."

దొన్నా గుమ్మం దిగి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "పెరటి వైపు రమ్మన్నానా లేదా? ఇప్పుడే గిన్నె నింపిస్తాను. పిల్లకి బూట్లు కూడా ఇప్పిస్తాను, సరేనా? దారి వదులు."

సెరఫీనా కళ్లు కిందికి వెళ్లాయి. మెనికా ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుని చలి కాచుకుంటోంది. మడమలు పగిలి ఉన్నాయి. బూట్లు. ఒక్క క్షణం సెరఫీనా కాళ్లు వెనక్కి తగ్గబోయాయి. నేను పట్టుదలకి పోతే చలి పడేది నా బిడ్డ గదా అనిపించింది. అప్పుడు మెనికా ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది, కదలకుండా నిలబడింది.

"వద్దమ్మగారూ," అంది సెరఫీనా, గొంతు తగ్గించకుండా. "'రండి, ఈ ఇల్లు మీది' అన్నారు. వీధంతా విన్నారు. జోజప్ప గుమ్మం బయట తిని పోడు."

వెనకనించి నోటరీ కూతురు ఏడుపు వినపడింది. పంతులు గడ్డం తీసి జేబులో కుక్కుకున్నాడు. ఎవరో ముసలమ్మ, "మాట ఇచ్చాక ఇంకేంటి, లోపలికి రమ్మనండి," అంది. ఇంకో గొంతు, ఇంకో గొంతు అదే అన్నాయి.

లోపల్నించి దొన్నా భర్త చేతికర్ర ఊతంతో వచ్చాడు. మనిషి సగమయ్యాడు. గుమ్మంలో నిలబడ్డవాళ్లని, వీధిని చూశాడు.

"మొక్కింది నా ప్రాణం గురించి, అగ్రిప్పీనా," అన్నాడు. "రానీ."

అది జాలి కాదని, భయమని సెరఫీనాకి తెలుసు. ఏదైతేనేం, గుమ్మం దాటింది.

బల్ల ముందు ముగ్గురూ కూర్చున్నారు. పనిమనిషి పళ్లెంలో నీళ్లు తెచ్చింది. సెరఫీనా, "మొక్కింది నువ్వు కాదు గదమ్మా," అని ఆమెని ఆపి దొన్నా వైపు చూసింది. గది నిండా జనం. దొన్నా పెదాలు బిగించి మోకాళ్ల మీద కూర్చుంది.

లియోలూకా పాదాలు పసుపుపచ్చగా, చెక్కల్లా ఉన్నాయి. కుడికాలికి రెండు వేళ్లు లేవు. దొన్నా చెయ్యి అక్కడ ఆగింది.

"ఏ గని నీది?" అడిగాడు ఆమె భర్త.

"మీదే దొరా. ముప్పయ్యేళ్లు. మీ నాయనగారప్పుడు దిగా. వేళ్లు ఆ ఏడే పోయాయి, బండి మీదికెక్కి."

దొన్నా మళ్లీ కడగడం మొదలుపెట్టింది, ఈసారి నెమ్మదిగా. తల వంచి ఆ పాదాన్ని ముద్దు పెట్టుకుందో లేదో సెరఫీనాకి కనపడలేదు. లేచినప్పుడు మాత్రం ఆమె మొహం ఎర్రగా ఉంది. అది కోపమో ఇంకేమిటో తెలీలేదు.

తర్వాత వడ్డన. వేయించిన రొట్టెపొడి చల్లిన పాస్తా, చేపలు, కాలీఫ్లవర్ బజ్జీలు, కాయధాన్యాల పులుసు, తేనెలో ముంచిన పిండివంటలు. మెనికా ఆరు బజ్జీలు తినేసి ఏడోదానికోసం బాలయేసులా కాకుండా మెనికాలాగే చెయ్యి చాపింది. సెరఫీనా నెమ్మదిగా తింది. వందమంది చూస్తుంటే ముద్ద మింగుడుపడదని భయపడింది కానీ, పడింది. ప్రతిదీ రుచి చూసింది. తల్లి వరసలో ఉన్నవన్నీ ఉన్నాయా అని మనసులో చూసుకుంది కూడా.

తిన్నాక పునీతులు ధన్యవాదాలు చెప్పరు. ఇంటిని దీవిస్తారు. సెరఫీనా లేచి, "ఈ ఇంట్లో ఆకలి ఉండకూడదు, రోగం ఉండకూడదు," అంది. అక్కడితో అయిపోవాలి. ఆమె ఆగలేదు. "కింద గుహల్లోనూ ఉండకూడదు," అంది. జనంలో కొందరు ఆమేన్ అన్నారు. దొన్నా భర్త కూడా అన్నాడు, చాలా చిన్నగా.

మర్నాడు ఫాదర్ బస్తియానో గుహకి వచ్చాడు. వంగి లోపలికొచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడే మాట్లాడాడు.

"ఆవిడని నలుగురిలో చిన్నబుచ్చావు ఫీనా. ఒకసారి వెళ్లి క్షమించమని అడుగు. మళ్లీ అంతా మామూలైపోతుంది."

"మామూలంటే ఏంటి ఫాదర్?"

"ధర్మసంఘం వాళ్లు నీ పేరు కొట్టేస్తామంటున్నారు."

"నేనన్న మాటల్లో తప్పేదో చెప్పండి. అన్నీ మీరు గుళ్లో నేర్పినవే."

"మాటలు తప్పు కాదు," అన్నాడు ఫాదర్. "అదే ఇబ్బంది." క్షమాపణ సంగతి మళ్లీ ఎత్తకుండా, ముసలాయన తలమీద చెయ్యిపెట్టి దీవించి వెళ్లిపోయాడు.

అన్నట్టే పేరు కొట్టేశారు. పైఊళ్లో నేలలు తుడవడానికి కూడా ఎవరూ పిలవలేదు. ఆ వసంతంలో వాళ్లు అడవి ఆకు ఉడికించుకుని తిన్న రోజులున్నాయి. లియోలూకా ఆ వేసవిలో పోయాడు. చివరి దాకా పక్క గుహలవాళ్లకి ఆ విందు కథ చెబుతూనే ఉన్నాడు, చెప్పిన ప్రతిసారీ ఒక చేప ఎక్కువ కలుపుతూ. మెనికా పాదాలు చూసినప్పుడల్లా సెరఫీనాకి ఆ బూట్లు గుర్తొచ్చేవి. తప్పు చేశానా అని తనని తాను ప్రశ్నించుకునేది. ఒక్కసారి కూడా అవునని జవాబు రాలేదు.

ఆగస్టులో తల్లీకూతుళ్లు లోయలోని బాదంతోటల్లో కాయలు దులిపే పనికి చేరారు. అక్కడి మేస్త్రీకి మధ్యాహ్నం పనివాళ్లకి రొట్టె దూరం నుంచి విసిరే అలవాటు. సెరఫీనా ముందు పడ్డ రొట్టెని ఆమె ముట్టుకోలేదు. మండుటెండలో చేతులు కట్టుకుని నిలబడింది.

"తీసుకోవేం?" అన్నాడు మేస్త్రీ.

"నువ్వొచ్చి ఇస్తే తీసుకుంటా."

రెండు రోజులు అలా ఆకలితోనే పనిచేసింది. మూడో రోజు ఇంకో నలుగురు ఆడవాళ్లు కూడా చేతులు కట్టుకుని ఆమె పక్కన నిలబడ్డారు. మేస్త్రీ తిట్టుకుంటూ గంప నడుముకెత్తుకుని, వరస వెంబడి నడుస్తూ, రొట్టెలు ఒక్కొక్కరి చేతికీ అందించాడు.