వరద గేటు దగ్గర ముఖం

"మోకాళ్లు నావి, నొప్పీ నాదే. మధ్యలో నీకేంటమ్మా బాధ?" అంది అత్తగారు.

ఆ మాట పొద్దుటి నుంచి ఎన్నోసారి అందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆదివారం కోడలు నడిపించే టూర్‌కి తానూ వస్తానని ఆవిడ పట్టు. వద్దని కోడలి పట్టు. ఆవిడ మోకాళ్ల మీద మొదలైన వాదన ఎండ మీదకి, ఎగుడుదిగుడు రాళ్ల దారి మీదకి వెళ్లి, తిరిగి మోకాళ్ల దగ్గరికే వచ్చింది.

"నొప్పి మీదే అత్తయ్యా. మధ్యదారిలో మీరు కూలబడితే మోయాల్సింది మాత్రం నేను," అంది కోడలు, హెడ్‌సెట్లు తుడిచే గుడ్డలు మడతపెడుతూ.

"నన్ను మోసే బలం నీకెక్కడిది? ముందు నిన్ను నువ్వు మోసుకో చాలు."

"నానమ్మా, ఆ డబ్బా కళ్లకి కట్టుకుంటే నిజంగానే తల తిరుగుతుంది," అంది మనవరాలు. "మొన్న ఒకాయన వెళ్లి దీపస్తంభానికి గుద్దుకుని, దానికే సారీ చెప్పాడట."

"స్తంభానికైనా మర్యాద ఇచ్చాడు. మీ అమ్మ నాకు అదీ ఇవ్వడం లేదు."

ఈ రభస అంతా వింటూ చెప్పులు తొడుక్కుంటున్న కొడుకు గుమ్మంలో ఆగాడు. అతనికి కళ్లద్దాల దుకాణం ఉంది. ఆదివారాలు కూడా తెరుస్తాడు.

"ఊరూ పేరూ తెలియనివాళ్లంతా వచ్చి చూసిపోతున్నారు. పుట్టి పెరిగిన వీధిని అమ్మ చూస్తానంటే నీకెందుకంత కష్టం? టికెట్ కొనేశాను. ఆదివారం తనని నీ దగ్గర దింపి కొట్టుకి వెళ్తాను. ఇక ఆపండి ఇద్దరూ."

అత్తగారు గెలిచిన పిల్లలా నవ్వింది. కోడలు మడతపెట్టిన గుడ్డనే విప్పి మళ్లీ మడతపెట్టింది.

ఆమెను ఆ చుట్టుపక్కలవాళ్లు గైడమ్మ అంటారు. నది ఒడ్డున ఉన్న పాత బజారు వీధుల్లో జనాన్ని నడిపిస్తూ, వాటి చరిత్ర చెప్పడం ఆమె పని. ఒకప్పుడు నోటిమాటగానే చెప్పేది. ఇప్పుడు కంపెనీవాళ్లు వీఆర్ హెడ్‌సెట్లు తెచ్చారు. మజిలీ మజిలీకి నేల మీద పసుపు రంగు గుండ్రాలు గీసి ఉంటాయి. వచ్చినవాళ్లు ఒక్కో గుండ్రంలో ఒకరు నిలబడి హెడ్‌సెట్ పెట్టుకుంటారు. గైడమ్మ చేతిలోని టాబ్లెట్ నొక్కగానే, అప్పటిదాకా ఫోన్ల కొట్లు ఉన్నచోట నూరేళ్ల కిందటి వీధి లేచి నిలబడుతుంది. గుర్రబ్బండ్లు వెళ్తుంటాయి. బస్తాలు మోసేవాళ్లు పక్కనుంచి పోతుంటే చూస్తున్న పెద్దవాళ్లు కూడా తప్పుకుని దారిస్తారు.

చివరి మజిలీ వరద గేటు. నది పొంగినప్పుడు బజారులోకి నీళ్లు రాకుండా వేసే పెద్ద ఇనుప తలుపు అది. ఒక వరదలో కాపలాదారు దాన్ని తొందరపడి మూసేశాడు. ఒడ్డున పనిచేస్తున్న కూలీలు బయటే ఉండిపోయి కొట్టుకుపోయారు. అతని పేరు ఎవరికీ తెలియదు, బొమ్మ కూడా ఎక్కడా లేదు. కంపెనీ కుర్రాళ్లు తయారుచేసిన ముఖాలేవీ ఆకట్టుకోలేదు. "అన్నీ ప్లాస్టిక్ బొమ్మల్లా ఉన్నాయి మేడం. మీ దగ్గర పాతకాలం ఫోటోలేమైనా ఉంటే ఇవ్వండి. నాలుగు ముఖాలు కలిపి ఒకటి చేస్తాం," అన్నారు. అత్తగారి బీరువాలో బజారు కాటాపనివాళ్ల గుంపు ఫోటో ఒకటి ఉంది. అడిగితే ఎందుకూ ఏమిటీ అని సవాలక్ష ప్రశ్నలు. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు బీరువా తెరిచి, ఫోన్‌తో దాన్ని ఫోటో తీసి పంపేసింది.

వాళ్లు నాలుగు ముఖాలు కలపలేదు. బాగా పడ్డ ఒక్క ముఖాన్ని తీసుకున్నారు. అది అత్తగారి అన్నయ్యది.

ఈ హెడ్‌సెట్ల టూర్లు తొలిసారి మొదలయ్యే ముందురోజు హెడ్‌సెట్ పెట్టుకుని చూసినప్పుడే కోడలు గుర్తుపట్టింది. ఆ పొడవు, ఒకవైపు కొంచెం వంగిన ఆ మెడ. నోరు తెరిచి చెప్పి ఉండాల్సింది. పక్కనే నిలబడ్డ మేనేజరు "ఇదీ ముఖమంటే!" అని చప్పట్లు కొట్టాడు. రేపే ప్రారంభం. తర్వాత చెబుదాంలే అనుకుంది. ఆ తర్వాత ఆ మజిలీనే అందరూ మెచ్చుకున్నారు. ఆమెను పెద్ద గైడును చేశారు. ఇక చెప్పడానికి వేళ కుదరనే లేదు.

చెల్లెలు తండ్రి ముఖం ఎరగదని, తండ్రి లేని లోటు తెలియకుండా తానే పెంచిన మనిషి ఆయన. బజారులో కాటా వేసేవాడు. తూకంలో పిసరు అనుమానం వచ్చినా కొనేవాడి వైపే మొగ్గేలా వేసేవాడట. అత్తగారు ఆయన్ని పొడుగన్నయ్య అంటుంది. పోయి చాలా ఏళ్లయినా, ఆయన మాట వస్తే ఆవిడ గొంతు చిన్నపిల్లదైపోతుంది.

ఆదివారం ఆవిడ కొత్త చెప్పులు వేసుకుని వచ్చింది. మోకాళ్ల ఊసే లేదు. మొదటి మజిలీలో గుర్రబ్బండిని చూసి "అబ్బో, పక్కకి లాగవయ్యా!" అని గట్టిగా కేక వేసింది. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. "మా కోడలే చూపిస్తోంది ఇదంతా," అని పక్కావిడతో చెప్పింది. ఆ గొప్ప వింటుంటే కోడలికి ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టయింది.

వరద గేటు దగ్గర అందరూ గుండ్రాల్లో నిలబడ్డారు. టాబ్లెట్ మీద ఒక్కో హెడ్‌సెట్‌కి ఒక్కో గడి ఉంటుంది. కోడలు అత్తగారి గడి మీద వేలు పెట్టి ఆపేసింది. మిగతావన్నీ నడిచాయి.

"అమ్మాయ్, నాకేం కనబడటం లేదే! అంతా చీకటి."

"చార్జింగ్ అయిపోయినట్టుంది అత్తయ్యా. పోనీలెండి, ఇక్కడ పెద్దగా చూసేదేం లేదు."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

పక్క గుండ్రంలోని పెద్దమనిషి తన హెడ్‌సెట్ తీశాడు. "భలేవారే, అసలు చూడాల్సింది ఇదేనండీ! నాది పెట్టుకోండి. నేను ముందొకసారి చూశాను." మర్యాదగా ఆయనే ఆవిడ తలకి తొడిగి, పట్టీ బిగించాడు.

టాబ్లెట్ చేతిలోనే ఉంది. అన్నీ ఒక్కసారే ఆపే మీట కూడా అందులో ఉంది. ఇంతమందికి ఏమని చెప్పాలి? ఆ ఆలోచనలో ఉండగానే అత్తగారి చెయ్యి గాల్లోకి లేచింది.

"పొడుగన్నయ్యా!"

పండు దొరికిన పసిపిల్ల గొంతు అది. చెయ్యి ఇంకా పైకి చాచింది. ఎత్తయిన మనిషి గడ్డం అందుకోవడానికి ఎంత ఎత్తాలో ఆ చేతికి ఇంకా గుర్తుంది. సరిగ్గా అప్పుడే హెడ్‌సెట్లలో రికార్డు చేసిన గైడమ్మ గొంతు మొదలైంది. "ఇతని పేరు మనకు తెలియదు. కానీ ఈ ముఖాన్ని బాగా చూడండి. బయట మనుషులు అరుస్తున్నా గడియ తీయని ముఖం ఇది."

"ఛీ, ఏం మనిషిరా!" అన్నాడు ఎవరో.

"ఆ కళ్లు చూడు, జాలన్నదే లేదు," అంది ఇంకొకావిడ.

అత్తగారి చెయ్యి మెల్లగా కిందికి దిగింది. హెడ్‌సెట్ తీసి రెండు చేతులతో పట్టుకుంది. నుదుటి మీద దాని అచ్చు పడి ఉంది.

"వీళ్లంతా మా అన్నయ్యని ఎందుకే తిడుతున్నారు?" అని కోడల్ని మాత్రమే అడిగింది, పక్కవాళ్లకి వినబడకుండా.

కోడలు ఆవిడ చేతుల్లోంచి హెడ్‌సెట్ తీసుకుంది.

తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అత్తగారు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. ఫోటో ఎవరిచ్చారని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, నాలుగు తిట్టి ఉంటే ఇంకా బాగుండేది అనుకుంది కోడలు. ఇల్లు దగ్గరపడుతుండగా ఆవిడ తలతిప్పి, ఏదో అప్పనంగా అడుగుతున్నట్టు మొహమాటపడుతూ అంది.

"రేపు కూడా రావచ్చా అమ్మాయ్? వాళ్లేమన్నా అనుకోనీలే. నడుస్తున్నాడు కదా. ఫోటోలో అయితే నడవడు."

సాయంత్రం ఆరేసిన బట్టలు తెస్తానని చెప్పి కోడలు మేడ మీదకి పోయింది. అక్కడ ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి మేనేజరుకి ఫోన్ చేసింది. కిందికి వచ్చేసరికి అందరూ భోజనానికి కూర్చుంటున్నారు.

"ఏం చూశావు నానమ్మా? చెప్పనే లేదు," అంది మనవరాలు.

"ఏం చూస్తాను. గుర్రాన్ని చూశాను. చివర్లో అంతా మసక మసక. ఆ డబ్బా నా కళ్లకి పడలేదు."

"కళ్లద్దాల కొట్టువాడి తల్లికి మసకా!" అన్నాడు కొడుకు. "నా పరువు తీశావు కదమ్మా. రేపే కొట్టుకి రా, అద్దాలు మారుస్తాను."

"నీ అద్దాలు నాకొద్దు, ముక్కు మీద నిలవవు," అంది అత్తగారు. అని, కోడలి వైపు చూడకుండా, ఆమె ముందున్న ఖాళీ గ్లాసులో నీళ్లు పోసింది.

తనను కాపాడటానికే ఆవిడ అలా చెప్పిందని కోడలికి తెలుసు. గ్లాసు ఎత్తి, తాగకుండానే దింపేసింది.

"మసక కాదు," అంది.

ముగ్గురూ తలెత్తారు. బీరువా తెరిచింది తనేనని, ఆవిడని అడగకుండా ఫోటో పంపింది తనేనని, ముందే తెలిసీ నోరు మూసుకున్నదీ తనేనని చెప్పింది. ఇవాళ హెడ్‌సెట్ పాడవలేదని, తానే ఆపానని కూడా చెప్పింది. మనవరాలు అమ్మ వైపు, నానమ్మ వైపు మార్చి మార్చి చూసింది. భర్త ఏదో అనబోయాడు. అత్తగారు అతని చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

కోడలు గ్లాసు పక్కకి జరిపింది.

"మేనేజరుకి చెప్పేశాను. ఇది మా ఇంటి మనిషి ముఖం, ఎవరి అనుమతీ లేకుండా నేనే ఇచ్చానని చెప్పాను. రేపటి నుంచి గేటు దగ్గర జనానికి హెడ్‌సెట్లు పెట్టరు. పెద్ద గైడుగా ఇక నేను ఉండను, అసలు ఉద్యోగమే ఉంటుందో లేదో వాళ్ల ఇష్టం. ఒక్కటి మాత్రం అడిగాను, సరేనన్నారు. రేపు పొద్దున్నే, జనం రాకముందు, అత్తయ్యని అక్కడికి తీసుకెళ్తాను. నా మాటలు తీసేసి ఆయన్ని చూపిస్తాను. అత్తయ్య ఎంతసేపు చూస్తే అంతసేపు. ఆ తర్వాతే ఆ ముఖం తీసేస్తారు."