ఇస్త్రీగదిలో విన్న వరస

చేతిపట్టీలకు మళ్లీ గంజి ఎక్కువైంది, మడిస్తే అప్పడంలా విరిగేటట్టున్నాయి, ఇది హారియట్ గౌను కదూ, హారియట్ లోరింగ్‌దే, మెడ లోపల ఎర్రదారంతో కుట్టిన రెండక్షరాలు, ఇంకా పదకొండు ఉన్నాయి, అన్నీ తెల్లవే, అన్నీ ఈ సాయంత్రానికే, అనుకుంటూ రాగ్నా చల్లారిన ఇస్త్రీపెట్టెను పొయ్యిమీద పెట్టి కాలినదాన్ని అందుకుంది, తన గౌను కుప్పలో అడుగున ఎక్కడో ఉంది, దాన్ని చివర చేసుకోవచ్చు, చేయకపోయినా నడుస్తుంది, నెగడు వెలుగులో తన ముడతలు చూసేవాళ్లెవరు, భుజం దగ్గర నరం పట్టేసింది, పొద్దున తన వంతు అరవైమందికి జావ వడ్డించి, గిన్నెలు తోమి, గ్రీకు పాఠానికి తడిచేతులతో పరుగెత్తి, మళ్లీ ఇక్కడికి, ఫీజుకోసం ఇలా పనిచేసుకుంటూ ఈ కాలేజీలో ఇది రెండో ఏడు, ఇంకా రెండేళ్లుంది, పొద్దు వాలగానే మొదటి ఏడు పిల్లలు లాంతర్లు పట్టుకుని, ఎవరికీ తెలియకుండా కట్టుకున్న తమ పాట పాడుకుంటూ పచ్చికలోకి వస్తారు, ఇది ఇక్కడ ఏటేటి పందెం, తను, తనతోటి రెండో ఏడు వాళ్లు, నెగడు చుట్టూ చేతులు పట్టుకుని నిలబడాలి, ఆ పాట వరస ముందుగానే రాబట్టి, దానికే వెక్కిరింపు మాటలు కట్టి, వాళ్ల మొహాన పాడగలిగితే గెలుపు రెండో ఏడుది, లేకపోతే మొదటి ఏడుది, ఇంతే సంగతి, ఇందుకోసం నెలరోజులుగా ఇంటిదగ్గర చెంచా కూడా ఎత్తని పిల్లలు చెట్లెక్కారు, బొగ్గుల కొట్లో దూరారు, ఒకతె పియానో కింద రెండు గంటలు పడుకుని తుమ్మి దొరికిపోయింది, అయినా వరస దొరకలేదు, పోయినేడు తాము మొదటి ఏడులో ఉన్నప్పుడు తమ వరస పైవాళ్లకు చిక్కింది, హారియట్ లాంతరు నేలకు కొట్టి ఏడ్చింది, ఎవరు చెప్పారో తేలలేదు, తేలలేదు గాని ఆ మర్నాడు భోజనాల గదిలో రాగ్నా పళ్లెం పెడుతుంటే మాటలు ఆగిపోయాయి, వడ్డించే పిల్ల కదా, అన్ని బల్లల దగ్గరికీ వెళ్తుంది కదా, ఎవరూ అనలేదు, అననిదానికి జవాబేం చెబుతారు, అప్పటినుంచి తను వాళ్లకు రాగ్నా కాదు, మిస్ ట్వైట్, మిస్ ట్వైట్ మీరు కాస్త జరుగుతారా, మిస్ ట్వైట్ మీరు ఆ క్రీము ఇలా ఇస్తారా, అంత మర్యాద ఎవరిమీద చూపిస్తారు, దగ్గరికి రానివ్వదలచుకోనివాళ్లమీద.

పది రోజులై తనకు ఆ వరస తెలుసు, అదీ సంగతి, ఈ గోడ అవతలే వ్యాయామశాల, మొదటి ఏడు పిల్లలు ప్రతి తలుపు దగ్గరా ఇద్దర్ని కాపలా పెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టి పాడుకున్నారు, ఆవిరి గొట్టం వెంట ఇస్త్రీగదిలోకి చప్పుడు వస్తుందని వాళ్లకెలా తెలుస్తుంది, వాళ్లలో ఎవరైనా ఎప్పుడైనా ఇస్త్రీగదిలోకి వచ్చారా ఏం, ఆరోజు చేతిలో దిండు గలీబు ఉంది, గొట్టంలోంచి మొదటి నాలుగు స్వరాలు వచ్చాయో లేదో గలీబు మాడింది, చాకిరేవు పెద్ద మిసెస్ కీఫ్ ముక్కెగరేసి, ఏం పిల్లా కలలు కంటున్నావా, నీ కూలిలోంచి కోస్తా అంది, ఎలా చెప్పాలి ఆవిడకు, అది అమ్మ గొంతని, మినసోటాలో వాగుకు ఇవతలి గట్టున కంచె పట్టుకుని సాయంత్రం అమ్మ ఆవుల్ని పిలిచే వరస అని, అమ్మకు వాళ్లమ్మ నేర్పింది, నార్వే కొండల్లోంచి ఓడలో తెచ్చుకున్న సామానులో ఖర్చు లేనిది అదొక్కటే అనేది, అవతలి గట్టున తన చిన్ననాటి నేస్తం తోరా వాళ్లమ్మ అందుకునేది, ఒకే వరస, చివరి మలుపు ఒక్కటే ఎవరిది వాళ్లది, అక్కడ గొంతు పిట్టలా పైకి లేస్తుంది, అక్కడ తమ ఆవు పేరు పెడతారు, ఆ మలుపు వినేదాకా ఆవులు తల కూడా తిప్పవు, ఈ ఏడే ఇక్కడ చేరిన తోరా మొదటి ఏడు వాళ్లకు దాన్ని ఇచ్చి ఉంటుంది, ఇంకెవరిస్తారు, ఏ పుస్తకంలోనూ లేదు, ఏ పియానో మీదా వాయించరు, ఇక్కడ ఎవరూ విని ఉండరు అనుకుంది, రాగ్నాను మరిచిపోయిందా, లేక రాగ్నా చెప్పదులే అనుకుందా, రెండింటిలో ఏది ఎక్కువ నొప్పి, తోరా ఇప్పుడు డోరా అట, మొదటి రోజు భోజనాల గదిలో ఆమె ముందు సూపు పెడుతూ, ఎప్పుడొచ్చావే అని తమ ఊరి మాటలో మెల్లగా అడిగితే సూపు వంకే చూస్తూ థాంక్యూ అంది, అంతే, ఆమె నీకు తెలుసా అని పక్కపిల్ల అడిగితే తెలియదంది, వాగులో ఇద్దరూ ఒకే పాత పరికిణీతో చేపలు పట్టిన చేతులవి, గుడ్డ కాలుతున్న వాసన, అబ్బ, కాదు, కాలలేదు, కొద్దిగా పసుపెక్కింది, లోపలి వైపే, కనిపించదు.

తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు, హారియట్, ఇస్త్రీగదికి హారియట్ రావడమేమిటి, పాపం ఎక్కడ ఆనుకోవాలో తెలియక పీపా మీద చెయ్యి పెట్టి తడి తగిలి తీసేసింది, నువ్వు ఇక్కడేనా పనిచేసేది, ఎంత ఉక్కగా ఉందే అంది, ఏకవచనం, రాగ్నా ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది, చూడవే రాగ్నా, నువ్వు అందరి బల్లలకీ వడ్డిస్తావు కదా, ఏదో ఒకటి చెవినపడే ఉంటుంది, ఒక్క ముక్క చాలు, మిగతాది మేం అల్లుకుంటాం, ఇంకా నాలుగు గంటలుంది, చెప్పావంటే రేపటినుంచి మా బల్ల దగ్గర కూర్చో, వడ్డించడానికి కాదే మొద్దూ, తినడానికి, వసంతంలో నాటకానికి నీ పేరు నేనే రాయిస్తా, అయినా నీకు మాత్రం తరగతి మీద ప్రేమ ఉండదా ఏం, ఆ మాట అంటున్నప్పుడు హారియట్ మొహంలో మోసం లేదు, అదే చిక్కు, నిజంగానే అడుగుతోంది, ఏడాది తర్వాత ఒక మనిషి తనను ఏమే అని పిలుస్తోంది, ఆ పిలుపు ఎంత హాయిగా ఉందో చెబితే సిగ్గుచేటు, నాలుక చివరన నాలుగు స్వరాలున్నాయి, వదిలేస్తే చాలు, కూర్చోవచ్చు, కుర్చీలో కూర్చుని కాళ్లు బల్ల కింద చాపుకోవచ్చు, ఇంకొకరెవరో సూపు పెడతారు, తోరా నేను తెలియదంది కదా, తెలియనిదానికి నేనేం బాకీ, కాని వెక్కిరింపు మాటలు ఎలా ఉంటాయో తెలుసు, గేదెనడక అనీ పేడచేతులనీ, అవి అమ్మ వరస మీద ఎక్కించి డెబ్బైమంది పాడతారు, ఎవరిని వెక్కిరిస్తున్నారో కూడా వాళ్లకు తెలియదు, అమ్మ కంచె పట్టుకుని నోరు తెరిచినప్పుడల్లా ఇక తనకు వినిపించేది అదే, నాకేం తెలియదండీ, అంది రాగ్నా, ఆ అండీ ఎందుకొచ్చిందో, పోన్లెండి మిస్ ట్వైట్, గౌను ఆరింటికల్లా కావాలి అంది హారియట్.

తన గౌను ముడతలతోనే ఉంది, నెగడు ఇప్పుడే అంటుకుంది, పచ్చిక మీద మంచు, పలచని చెప్పుల్లోంచి పాదాలు జివ్వుమంటున్నాయి, కుడివైపు హారియట్, వలయంలో పక్కపక్కనే పడ్డారు, పొడవును బట్టి నిలబెట్టారు గనక, హారియట్ చెయ్యి మెత్తగా చల్లగా, తన చెయ్యి గరుకుగా, అటునుంచి లాంతర్లు, ఎర్ర కాగితాల లాంతర్లు బారుగా మెట్లు దిగుతున్నాయి, అందరి మెడలూ అటే, పాట మొదలైంది, వలయంలో గుసగుస, ఏమిటే ఇది, ఎప్పుడూ వినలేదే, చర్చి పాటా, కాదే, ఓడిపోయాం బాబూ అని ఎవరో నిట్టూర్చారు, మాటలు ఉత్త పిచ్చిమాటలు, మా ఎరుపు మా విజయం, పట్టా పుచ్చుకోబోయే మా పద్నాలుగో సంవత్సరం, కాని వరస వరసే, డెబ్బై గొంతుల కింద అమ్మ గొంతు ఒక్కటీ విడిగా వినిపిస్తోంది, కంచె, పాలబిందె మీద పాలబిందె, కొండంత అలసటతో కూడా ఆ మలుపు దగ్గర అమ్మ మడమలు నేలనుంచి లేచేవి, ముందు వరసలో తోరా, లాంతరు గడ్డం కిందకు పట్టుకుని కళ్లు ఎటూ తిప్పకుండా పాడుతోంది, మలుపు దగ్గరికి వస్తోంది, వచ్చింది, ఆగిపోయింది, పాట అయిపోయింది, అదేమిటి, అక్కడ ఆపేస్తారా, ఆవు పేరు చెప్పడానికి సిగ్గుపడి తోరా కత్తిరించేసింది, ఆవులు అక్కడే వాగు గట్టున నిలబడిపోతాయి, ఎవరూ కదలరు, ఎవరూ ఇంటికి రారు, ఎవరో ఒకరు, మడమలు లేచాయి, అది ఎవరి గొంతో ఒక క్షణం తెలియలేదు, అంత పైకి, నెగడు మీదుగా, డాగ్రో, డాగ్రోస్ అని, అది తనదే.

వలయంలో ఎవరో కిసుక్కుమని, ఎవర్ని పిలుస్తోందే అది అన్నారు, ఆవుని అంది రాగ్నా, హారియట్ చెయ్యి వదిలేసింది, నీకు తెలుసన్నమాట అంది, తెలుసు, పది రోజులై తెలుసు, హారియట్ పెదవులు తెల్లబడ్డాయి, అయితే పోయినేడూ నువ్వేనా, ఆ ప్రశ్న ఎంత సూటిగా వచ్చిందో అంత సూటిగా, కాదు, అది నేను కాదు అంది రాగ్నా, ఏడాదిగా ఎవరైనా అడుగుతారేమోనని చూసింది, అడిగాక చెప్పడానికి నాలుగు మాటలే పట్టాయి, హారియట్ నమ్మిందో లేదో, రేపు బల్ల దగ్గర మాటలు మళ్లీ ఆగుతాయి, ఆగనీ, అవతల లాంతర్ల వరసలో తోరా లాంతరు కిందికి జారింది, ఆమె ఈసారి సూపు వంక చూడటం లేదు, తిన్నగా ఇటే చూస్తోంది, పాపం దానికీ భుజాలు లాగుతూనే ఉంటాయి, డోరాను మోయడం తేలికా ఏం, నెగడులో ఒక కట్టె కూలి నిప్పురవ్వలు లేచాయి, రాగ్నా ఖాళీగా ఉన్న కుడిచేతిని ఎడమ భుజం మీద నరం పట్టేసిన చోట వేసుకుంది, పొద్దున్నుంచీ, కాదు, పోయిన ఏటినుంచీ ఇది ఇస్త్రీపెట్టె బరువనుకుంది, అరవై పళ్లేల బరువనుకుంది, అవన్నీ రేపూ ఉంటాయి, కాని నొప్పి వాటిది కాదు, గొంతు అణిచిపెట్టుకుని ఇంతమంది మధ్య నిలబడటానిది.