తొంభై దాటితే ఎవరూ చదవరు

మా ఆఫీసులో ఒక గొప్ప పద్ధతుంది. జనంలో తిరిగే మాట నిజమో అబద్ధమో మిషను తేలుస్తుంది. ఆ తీర్పు మీద తనకెంత నమ్మకమో పక్కనే ఒక అంకె వేస్తుంది. తొంభై లోపు వస్తే మా బల్ల మీదికొస్తుంది, మనుషులం చదువుతాం. తొంభై దాటిందా, ఎవరూ చదవరు. ముద్ర పడి నేరుగా జనంలోకి పోతుంది.

మా తమ్ముడి మాట అలాగే పోయింది. వాడు పనిచేసే గోడౌన్లో మంటలు లేచినప్పుడు వెనక తలుపుకి బయటినుంచి తాళం వేసుందని నెట్లో రాశాడు. కాలిపోతున్న పిడి పట్టుకుని లాగి లాగి రెండు అరచేతులూ కాల్చుకున్నాడు. ఆ కట్లు మార్చేది నేనే. అలాంటివాడి మాట మీద నా ఆఫీసే "అబద్ధం, తొంభై ఏడు శాతం" అని ముద్రేసింది. కంపెనీవాళ్ళు అది పట్టుకుని, పుకార్లు పుట్టించాడని ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి విచారణ పెట్టారు. ఒళ్ళు మండదా మరి?

మిషను చూసిన ఆధారాలు తీయించాను. తలుపు తీసే ఉందని యజమాని ఇచ్చిన ప్రకటన ఒక్కటే. దాన్నే నలభై సైట్లు అక్షరం మార్చకుండా ఎత్తిరాసుకున్నాయి. ఆయన నందంటే నంది, పందంటే పంది. మన మిషను మహాతల్లికి అది నలభైమంది సాక్ష్యంలా కనిపించింది.

పెద్దసారు దగ్గరికెళ్ళాను. ఆ తొంభై ఏడు నిజమెంతో చెప్పే మార్కు కాదు సార్, దొరికినవాటిని బట్టి మిషనుకెంత ధీమాగా ఉందో అది, దొరికిందంతా ఒకడి మాటే అయితే ఆ ధీమా ఎందుకు పనికొస్తుందని అడిగాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. తమ్ముడు కాబట్టి నీకలా అనిపిస్తుందమ్మా అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ. ముద్ర తీసెయ్యమంటే కుదరదన్నాడు, కావాలంటే మళ్ళీ మిషనుతోనే చూపిద్దామన్నాడు. మధ్యాహ్నమే విచారణ. నా బుద్ధి గడ్డి తిని సరే అన్నాను.

ఈసారి తొంభై ఎనిమిది వచ్చింది. వచ్చీ రాగానే కొత్త ముద్ర జనంలోకి పోయింది.

ఎందుకు పెరిగిందా అని చూస్తే, ఆధారాల్లో మొట్టమొదటిది మేమే. నిన్న మేమేసిన ముద్రనే తెచ్చి సాక్ష్యం కింద పెట్టుకుంది.

"చూశావా, ఇంకా గట్టిపడింది," అన్నాడు పెద్దసారు.

ఆ బల్ల ఎత్తి ఆయన నెత్తినెయ్యాలనిపించింది. మన ఎంగిలే మళ్ళీ మనకి వడ్డించింది సార్ అని చెప్పబోతే, ఆయన ఫోనెత్తి వేరే పని మాట్లాడుకుంటున్నాడు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. విచారణ అయిపోయిందట. మేనేజరు రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టి అందరికీ చదివి వినిపించాడట. సొంత అక్క పనిచేసే ఆఫీసే రెండుసార్లు చూసి చెప్పింది, ఇంకేం కావాలన్నాడట. ఉద్యోగం పోయింది. పెద్దసారునీ, మిషన్నీ, దాన్ని కొన్నవాణ్ణీ వరసపెట్టి తిట్టాను. రేపే వెళ్ళి పోట్లాడతానని, ఇంకోసారి చూసేదాకా వదలనని చెప్పాను.



"వద్దక్కా," అన్నాడు. "నువ్వు అడిగినప్పుడల్లా నా అబద్ధం పెరుగుతోంది."