మూడు ముఖాల తల్లికి పెట్టిన కూడు

నెల ఆఖరి రోజున కుమ్మరుల వీధిలో ప్రతి ఇల్లాలూ ఇల్లు మూలమూలలా ఊడుస్తుంది. పొద్దు గూకగానే, మూడు దారులు కలిసేచోట మూడు ముఖాలతో నిలబడ్డ హెకాటె తల్లి విగ్రహం ముందు పళ్లెం పెట్టి వస్తుంది. బార్లీ రొట్టె, గుడ్లు, వెల్లుల్లి, కాస్త కలిగినవాళ్లయితే వేయించిన చేప. పెట్టాక వెనక్కి చూడకూడదు. తెల్లారేసరికి పళ్లేలు ఖాళీ. తల్లి తిన్నది అంటారు. తిన్నది ఫిలిన్న అని ఏథెన్సులో కుక్కలక్కూడా తెలుసు.

ఫిలిన్న కుండల బట్టీ వెనక గుడిసెలో ఉండే విధవరాలు. పగలంతా ఉన్ని కడిగితే వచ్చే గింజలు కూతురు మెలిత్తకే సరిపోవు. అందుకని తన కడుపు హెకాటె తల్లి వాకిట్లో నింపుకునేది. అయితే ఆ కూడు ఉత్తినే రాదు. ఏ ఇంటి పళ్లెం తింటే ఆ ఇంటి బాధ తిన్నవాళ్ల ఒంట్లోకి వచ్చేస్తుంది. తిరగలివాడి నడుంనొప్పి, బట్టీ యజమాని దగ్గు, రొట్టెలమ్మే ఆవిడ పంటిపోటు, అన్నీ ఫిలిన్న దగ్గరే ఉన్నాయి. ఆమె దగ్గుకుంటూ వీధిలో పోతుంటే, బట్టీ ఆయన రాత్రి హాయిగా నిద్రపోయాడన్నమాట అని నవ్వుకునేవాళ్లు.

"నా పన్నెలా ఉందే ఫిలిన్నా?" అని అడిగేది రొట్టెలావిడ.

"నీ నోరంత పాడుగానూ ఉందమ్మా" అనేది ఫిలిన్న.

మెలిత్తను మాత్రం ఆ కూడు ముట్టుకోనిచ్చేది కాదు. పిల్లకి బొగ్గులమ్మే లైకోన్‌తో పెళ్లి కుదిరింది. చలికాలంలో, పెళ్లిళ్ల నెలలో ముహూర్తం. లైకోన్ తల్లి ఉన్ని అడగలేదు, గొర్రెనడగలేదు. "మా ఇంట పిల్లలు తిరగాలి, అంతే" అంది. ఆవిడకి ఒక్కడే కొడుకు మరి.

పెళ్లికి నాలుగు నెలల ముందు ఫిలిన్న ఒంట్లో తిరగలివాడి నడుంనొప్పి మరీ తిరగబడింది. ఫిలిన్న లేవలేకపోయింది. నెలాఖరు రానే వచ్చింది.

"పళ్లేలు నువ్వే తీసుకురావే. దార్లో నోట పెట్టుకుంటే చంపేస్తాను" అంది కూతురితో.

"నాకేం పట్టింది, ఊళ్లోవాళ్ల దగ్గులు తినడానికి!" అంటూ వెళ్లింది మెలిత్త.

ఆ నెల బట్టీ యజమాని పెళ్లాం నికరెటె పళ్లెం వెలిగిపోతోంది. ఎర్రచేప, జున్ను, నువ్వులద్దిన తేనెరొట్టె. పదేళ్లుగా కడుపు పండని ఇల్లాలు ఆమె. ఫిలిన్నకి పిల్లల్ని కనే ఈడు దాటేదాకా ఓపిక పట్టింది. ముసలిదాని ఒంట్లోకి గొడ్రాలితనం పోతే ఎవరికి నష్టం అనుకుంది. ఆ మాటకొస్తే వీధిలో అందరూ అలాగే అన్నారు.

మెలిత్త పొద్దుటినుంచి ఏమీ తినలేదు. పదిహేనేళ్ల పిల్ల. తేనెరొట్టె ఒక్కటంటే ఒక్కటి దార్లోనే తినేసింది. ఇంటికొచ్చి మూతి తుడుచుకుంటూ నిజం చెప్పేసింది, అబద్ధం ఆడటం చేతకాక.

ఎవరి పళ్లెంలోది అని ఫిలిన్న అడిగింది. నికరెటమ్మది అంది పిల్ల. ఆ నెల మెలిత్తకి నెలసరి రాలేదు. మరుసటి నెలా రాలేదు. రెండో నెల దాటేసరికి నికరెటె వాంతులు చేసుకుంటోందని వీధంతా తేనె పంచారు.

ఫిలిన్న నడుం పట్టుకుని ఆ ఇంటి గడప ఎక్కింది.

"అమ్మా, నా పిల్ల పెళ్లి చెడిపోతుంది. నువ్వు పెట్టింది నాకోసం. దానికి పోయింది."

"నేను తల్లికి పెట్టాను. ఎవరు తిన్నారో నాకేం తెలుసే? వెనక్కి చూడకూడదు కదా."

"తెలిస్తే ఆపేదానివేగా?"

"ఆపడానికి నేనెవర్ని? తేనెరొట్టె చూడగానే ఆగలేకపోయింది, గబుక్కున నోట్లో..." అని నికరెటె నాలుక్కరుచుకుంది.

ఫిలిన్న ఆ మాట పట్టుకుంది. ఆ రాత్రి నికరెటె వెనక్కి తిరిగి చూసిందన్నమాట. చూసి, నోరు మూసుకుని, పొట్ట నిమురుకుంటూ ఇంటికొచ్చిందన్నమాట. ఫిలిన్నకి ఆ గడప మీద ఉమ్మెయ్యాలనిపించింది. కడుపుతో ఉన్న మనిషని ఊరుకుంది.

"అయినా దారి ఉందిగా" అంది నికరెటె, మెత్తగా. "ఈసారి నీ కూతుర్ని పెట్టమను. నువ్వు తిను. ఈ వయసులో నీకేం పోతుంది?"

మాట చేదైనా నిజమే అనిపించింది ఫిలిన్నకి. నెలంతా తల్లీకూతుళ్లు ఒక పూట మానేసి పిండి మిగిల్చారు. ఆఖరి రోజున మెలిత్త గుడిసె ఊడ్చి, రెండు రొట్టెలూ ఒక గుడ్డూ హెకాటె తల్లి ముందు పెట్టి, తలొంచుకుని వచ్చేసింది. ఫిలిన్న ఒక్క ముక్క వదలకుండా తిన్నది. బుగ్గన పంటిపోటు లాగుతున్నా నవ్వుకుంటూ గుడిసెకి వచ్చింది.

మెలిత్త తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఏం కావాలి అవ్వా?"

"వేళాకోళం చాల్లే, తప్పుకో" అంది ఫిలిన్న.

"ఏ ఇల్లనుకుని వచ్చావో. చీకట్లో దారి తప్పినట్టున్నావు. కాసిని నీళ్లు తాగుతావా?"

నీళ్ల చెంబు పట్టుకునే చెయ్యి కూతురిదే. చూపు కూతురిది కాదు. అప్పుడర్థమైంది ఫిలిన్నకి. ఈడు దాటినదాన్ని కాబట్టి గొడ్రాలితనం ఏం చేస్తుందిలే అనుకుంది. పిల్లలు పుట్టనిచోట దానికి పనిలేదు, నిజమే. పుట్టిన పిల్ల ఉంది కదా, ఆ పిల్లను తీసుకుపోయింది. ఆ పూట ఆమె తాగిన నీళ్లంత చేదు మరే నీళ్లూ లేవు.

తెల్లారి వీధిలో అడిగింది. ఫిలిన్నకి పిల్లలా, ఎప్పుడు పుట్టారు అన్నారు. మెలిత్త తల్లీతండ్రీ లేని పిల్ల, పాపం ఒంటరిగా పెరిగింది అన్నారు. నికరెటె కూడా అదే అంది. ఈసారి ఆమె అబద్ధం ఆడలేదు.

ఆ బరువు దించుకోవాలంటే ఫిలిన్న కూడా ఒక పళ్లెం పెడితే చాలు. ఎవరో ఒకరు తింటారు. ఆ ఎవరో ఒకరికి ఏ కూతురుందో. బట్టీ గోడ పక్కన చోటు చూసుకుని, గిన్నె పట్టుకుని తిరిగింది తప్ప పళ్లెం మాత్రం పెట్టలేదు. చలికాలంలో మెలిత్త పెళ్లి ఊరేగింపు ఆ గోడ పక్కనుంచే వెళ్లింది. బిచ్చగత్తెకి కూడా ఒక అత్తిపండు విసిరారు.

రెండేళ్లకి, ఒక నెలాఖరు పూట, మెలిత్త చంకలో పాపతో పళ్లెం పట్టుకుని వచ్చింది. ముసలామె చూపు పాప మీదే ఉండిపోవడం చూసి ఆగింది.

"నీకెవరూ లేరా అవ్వా?"

"లేరమ్మా."

"అయ్యో. దీనికి పళ్లొస్తున్నాయి. మూడు రోజులుగా ఒళ్లు కాలిపోతోంది, కన్ను మూయట్లేదు. ఇదిగో, మా ఇంటి పళ్లెం." కింద పెట్టి, కాస్త సిగ్గుపడింది. "తినమని చెప్పకూడదనుకో."

"నువ్వెళ్లమ్మా. చల్లగాలిలో పాపను తిప్పకు."

మెలిత్త వెళ్లిపోయింది. ఫిలిన్న గబగబా తిన్నది. పళ్లెం అడుగున నూనె చుక్క కూడా మిగలకుండా నాకింది. కాసేపటికి ఒళ్లు వేడెక్కింది. చిగుళ్లు సలపడం మొదలుపెట్టాయి. పక్క వీధిలో పాప ఏడుపు ఆగిపోయింది.