చప్పట్లు కొట్టని కేంద్రం

సామేలు స్టూలెక్కి డిష్ వైరు కొసను మెల్లగా తిప్పుతుంటే, కింద చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు బొమ్మ వచ్చిందనీ పోయిందనీ చేతులతో సైగలు చేస్తున్నారు. నోటితో చెబితే అతనికి వినపడదని వాళ్లకు తెలుసు. బొమ్మ నిలబడింది. అతను దిగి, మోకాలు పట్టుకుని, పాఠం మొదలయ్యే పదకొండు గంటలు కావడానికి ఇంకెంత ఉందో గోడ గడియారం వంక చూశాడు.

యాభై మూడేళ్ల మనిషి. సిరిసిల్లలో ఇరవై రెండేళ్లు సాంచలు నడిపాడు. ఆ మరమగ్గాల హోరులో ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది ముప్పాతిక పోయింది. షెడ్డు మూతపడితే కథలాపూర్ దగ్గరి సొంతూరికి తిరిగొచ్చాడు. పది పాసయ్యాడు గనక వయోజన విద్యా కేంద్రం అతనికి అప్పగించారు. సాంచల దగ్గర ఎవరి మాట ఎవరికీ వినపడదు కాబట్టి పనివాళ్లంతా చేతులతో, పెదాలతో మాట్లాడుకుంటారు. ఆ విద్యే ఇక్కడా పనికొచ్చింది. టీవీ పక్కన నిలబడి, పాఠం చెప్పే సారు పెదాలు చదివి, ఆ పుస్తకాల మాటను ఊరి మాటలోకి మార్చి, చేతులూ కళ్లూ తిప్పుతూ చెప్పేవాడు. ఆడవాళ్లు టీవీని వదిలేసి అతన్నే చూసేవారు. ఏడాదిన్నరలో ఒక్కరు కునుకు తీసింది లేదు.

పద్దెనిమిది మంది. అందరి ఒళ్లోనూ చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. కళ్లు పాఠం మీద ఉన్నా వేళ్లు బీడీ చుట్టడం ఆపవు. పెద్దాఫీసు నుంచి పన్నెండు సూత్రాల కాగితం వచ్చింది, నేరుగా ప్రసారమయ్యే పాఠాల్లో పెద్దవాళ్లకు విసుగు పుట్టకుండా ఎట్లా చూడాలో. మొదటి సూత్రం, అభ్యాసకుల చేతులు ఖాళీగా ఉండాలి. రెండోది, పది నిమిషాలకోసారి చప్పట్లు కొట్టించాలి. చదివి సామేలుకు ఒళ్లు మండిపోయింది. వీళ్ల చేతులు రెండు గంటలు ఖాళీగా ఉంటే రాత్రికి పొయ్యి ఎవడు వెలిగిస్తాడు? రాసినవాడి బతుకులో ఒక్క బీడీ కట్ట చుట్టి ఉంటే ఆ మాట రాసేవాడు కాదు.

సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ ఆడవాళ్లే మొన్న కోరుట్ల రోడ్డు మీద రాళ్లు పెట్టి వంటావార్పు చేసొచ్చారు. సామేలూ కేంద్రం మూసేసి శిబిరంలో కూర్చుందామనుకున్నాడు. కాని గౌరవ వేతనం వాళ్లకు సమ్మె హక్కు లేదన్నారు. పైగా సోమవారం జగిత్యాల నుంచి సూపర్‌వైజర్ నరేశ్ వచ్చి ఇంకో పిడుగు వేసి పోయాడు. మూడు నెలల్లో ఒక్కసారైనా ఫోన్లో పాఠంలో పాల్గొనని కేంద్రాలను ఎత్తేస్తారట. చప్పట్లు వినపడితేనే పాల్గొన్నట్టు రాసుకుంటారట. ఈ బుధవారమే ఆఖరు గడువు. సామేలు ప్రతి వారం ఫోన్ చేయిస్తూనే ఉన్నాడు, ప్రతి వారం లైను బిజీ.

ఆ బుధవారం పాఠం దరఖాస్తు రాయడం గురించి. చివరి పది నిమిషాలు ఫోన్లకు వదిలారు. గోడ గూట్లో ఉన్న ఫోను దగ్గర ఆ ఆడవాళ్లలో ఒకామె, మైమూనా బీ, నిలబడి నంబరు నొక్కుతూ పోయింది. వినికిడి ఉన్న మనిషి కావాలి గనక ఆ పని ఆమెది. పదకొండోసారికి లైను కలిసింది. ఆమె గబగబా రిసీవరు పోశవ్వ చేతిలో పెట్టింది.

పోశవ్వ వారం నుంచి ఈ మాటలు నోట్లోనే నానబెట్టుకుంటోంది. చాట పక్కన పెట్టి నిలబడింది.

"సారూ, నేను పోశవ్వను. ముప్పై ఒక్క ఏండ్ల సంది బీడీలు జేస్తున్న. పీఎఫ్ బుక్కుల నా వయసు పదేండ్లు తక్కువ రాసిండ్రు. పింఛను అస్తలేదు. గది సరిజేయమని ఎవలకు రాయాలె? ఏమని రాయాలె?"

టీవీలో సారు చిరునవ్వు చెదరలేదు. ఎంత చక్కగా మాట్లాడారండీ, అన్నాడు. ఈరోజు పాఠం మీకు నచ్చిందా, అన్నాడు. పోశవ్వగారి కోసం ఆ కేంద్రంలో అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలన్నాడు.

ఎవరూ కొట్టలేదు. ఎట్లా కొడతారు? చేతుల్లో ఆకు ఉంది, ఆకులో తంబాకు ఉంది. అసలు జవాబే రాకపోతే చప్పట్లెందుకో వాళ్లకు అర్థం కాలేదు. సారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కాసేపు ఆగాడు. తర్వాత టీవీలో తన పక్కన కూర్చున్న ఆవిడ వైపు తిరిగి, వీళ్లు నిద్రపోతున్నట్టున్నారు, అని నవ్వాడు. ఆ మాట సామేలు అతని పెదాల మీద చదివాడు.

తానొక్కడే ఫోను దగ్గర నిలబడి పద్దెనిమిది మంది తరఫున చప్పట్లు కొడితే కేంద్రం నిలిచేది. ఆ సంగతి అతనికి తెలియక కాదు. రిసీవరు లాక్కుని, గోడకు ముఖం పెట్టి అరిచాడు.

"ఆమె అడిగినదానికి జవాబు జెప్పుండ్రి సారు. సప్పట్లు గొట్టనీకి మా చేతులు ఖాళీగ లేవు. సాంచలకాడ నిలవడి నిలవడి నా చెవులు పోయినయ్. వంగి వంగి వీళ్ల నడుములు పోయినయ్. బస్సులు బందాయె, బడులు బందాయె, రోడ్ల మీద వండుకొని తింటున్నం. మీకు గదేం కనవడది, సప్పట్లు గొట్టుమంటరు. వీళ్లు నిద్రపోతలేరు సారు. మీరే ఇంటలేరు."

ఇంకా చాలా అన్నాడు. ఇరవై రెండేళ్లు షెడ్డు యజమాని ముందు అనలేనివీ, ఏడాదిన్నరగా ఆఫీసులో మింగినవీ అన్నీ బయటికొచ్చాయి. అతని వెనక టీవీలో సారు అప్పటికే ఇంకో కేంద్రంతో మాట్లాడుతున్నాడు. ఆ కేంద్రం వాళ్లు బ్రహ్మాండంగా చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లు టీవీని చూశారు, సామేలు వీపును చూశారు. అందరి వేళ్లూ ఆగిపోయాయి.

మాట్లాడి మాట్లాడి ఆయాసం వచ్చి ఇటు తిరిగాడు. సారు ఏమన్నాడని మైమూనా బీని అడిగాడు. ఆమె రెండు వేళ్లు కలిపి విడదీసింది. దారం తెగిందని సాంచల దగ్గర చేసే సైగ అది, అతని దగ్గరే నేర్చుకుంది.

"ఎప్పుడు?"

పోశవ్వ దగ్గరికొచ్చి, అతనికి కనపడేట్టు పెదాలు కదిపింది.

"నువ్వు మొదలువెట్టకముందే తెగింది కొడుకా. మేం ఇన్నం. ఇగ నువ్వన్న జెప్పు, ఎవలకు రాయాలె?"

సామేలు టీవీ కట్టేశాడు. ఆ మధ్యాహ్నం ఎవరూ ఇంటికి పోలేదు. ఏ ఆఫీసరుకు రాయాలో అతనికీ సరిగ్గా తెలియదు. పీఎఫ్ బుక్కు వెనక ఉన్న చిరునామాకే రాద్దామన్నాడు. అతను ఒక్కో మాట చెబుతుంటే పోశవ్వ ఒక్కో అక్షరం దిద్దుకుంటూ రాసింది. మూడు కాగితాలు పాడయ్యాక నాలుగోది కుదిరింది. బుక్కుల్లో వయసు తప్పు పడ్డ వాళ్లు ఇంకో ఐదుగురు తేలారు. వాళ్లూ రాశారు.

నాలుగింటికి నరేశ్ బైకు మీద వచ్చాడు, వెనక ట్రాలీ ఆటో. పాఠంలో ఆసక్తి చూపని కేంద్రాల జాబితా రెండింటికే వచ్చేసిందట. చప్పట్లు రాలేదని అందులో రాసి ఉందట. అతనూ కాంట్రాక్టు మనిషే, ముఖం ఎత్తలేకపోయాడు. నా చేతిలో ఏముందన్నట్టు అరచేతులు చూపించాడు. సామేలు డిష్ విప్పడానికి తానే స్టూలు తెచ్చి వేశాడు. తెగిపోయిన ఫోన్లోనే తన కోపమంతా ఖర్చయిపోయిందేమో అనిపించి, అందుకు ఇంకా కోపం వచ్చింది. డిష్ విప్పారు, టీవీ మోశారు, పలకల కట్ట కూడా ఎక్కించుకున్నారు. ఆడవాళ్లు చాటలు నడుముకు ఆనించుకుని బయట నిలబడ్డారు.

ఆటో పోయాక సామేలు తాళంచెవి పోశవ్వ చేతిలో పెట్టాడు. సిరిసిల్లలో బావమరిది నాలుగు సాంచలు నడుపుతున్నాడు, రేపటి నుంచి అక్కడికే పోతానని చెప్పాడు. ఈ చెవులతో మళ్లా సాంచలకాడికి ఎట్లా పోతావని ఆమె అడిగింది.

"గీ చెవులకు ఇగ పోయేదేముందవ్వా," అన్నాడు.

దరఖాస్తులు ఆరూ జేబులో పెట్టుకున్నాడు, సమ్మె అయిపోయాక పోస్టులో వేయడానికి. ఆకు సంచి భుజాన వేసుకుని వెళ్లే బీడీ పనివాళ్లలాగే తల వంచుకుని, సందు మలుపు తిరిగి వెళ్లిపోయాడు.

పోశవ్వ తలుపు వేయబోయి లోపలికి చూసింది. సిరిసిల్ల షెడ్డు మూసేసిన రోజు అతను తన సాంచ మీంచి కోసి తెచ్చుకున్న గజమున్నర తెల్లగుడ్డ, దుమ్ము పడకుండా టీవీకి కప్పే ఆ గుడ్డ, టీవీ మోసినవాళ్లు లాగి పారేసిన చోటే ఖాళీ బల్ల మీద పడి ఉంది.