కొత్త పుట్టర్, పాత మగ్గం

లిడియా గోల్ఫ్ మైదానాన్ని కంటితో చూసింది లేదు. కోనసీమలో అంత జాగా ఖాళీగా ఉంటే కొబ్బరి మొక్కలైనా వేస్తారు, వరైనా ఊడుస్తారు గానీ, పనిగట్టుకుని గడ్డి పెంచి దానిమీద కర్రలతో బంతులు కొట్టుకోరు. అయినా అమలాపురం డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి, బండారులంకలోని తన అద్దెగదికి చేరగానే కుర్చీ గోడవారకి లాక్కుని, రోజూ సాయంత్రం ఓ అరగంట ఫోన్లో గోల్ఫ్ ఆడుతుంది. ఈ జబ్బు అంటించినవాడు తమ్ముడు ప్రవీణ్ కుమార్, తాటిపాకలో గ్యాసు పనిలో ఉన్నాడు. ఆదివారం చర్చి అయ్యాక ఎవరింట్లో వాళ్ళు కూర్చుని అక్కాతమ్ముళ్ళు ఆన్‌లైన్‌లో పోటీ పడతారు. ఓడినవాళ్ళు వారమంతా రెండోవాళ్ళ వెక్కిరింపులు పడాలి.

ఆ ఆటలో బంతిని దూరం కొట్టడం ఎవరికైనా వస్తుంది. గుంటకి పదడుగుల దూరంలోకి వచ్చాకే అసలు కథ. అక్కడ పుట్టర్ అనే కర్రతో బంతిని మెల్లగా దొర్లించాలి. తెరమీద ఒక సూది జారుతూ వస్తుంది. వేలు మోపి ఉంచి, సూది సరిగ్గా గీతమీదికి రాగానే వదలాలి. రవ్వంత ముందైనా వెనకైనా బంతి గుంట అంచుని పలకరించి తన దారిన తను పోతుంది. లిడియా పదడుగుల నుంచి నూటికి డెబ్భై ఒకటి వేసేది. ఆ లెక్క ఆటే రాసి చూపిస్తుంది. ప్రవీణ్ యాభై దాటిన పాపాన పోలేదు.

డెబ్భై ఒకటి వచ్చేవాళ్ళు ఊరుకోవచ్చు కదా. ఆశకి అంతెక్కడ? ఆట తెరిచినప్పుడల్లా ఒక కొత్త పుట్టర్ తళతళలాడుతూ కనపడేది. దాన్ని తీసుకుంటే సూది నిలవాల్సిన గీత ఇంకాస్త వెడల్పవుతుందని, బంతి పడక చస్తుందా అన్నట్టు ఊరించేది. జూలైలో ఒక సోమవారం లిడియా ఆటలో గెలిచిన బిళ్ళలన్నీ పోసి దాన్ని తెచ్చుకుంది. మంగళవారం నుంచి బంతి గుంటలో పడడం మానేసింది.

"పుట్టర్‌లోనే ఏదో ఉందిరా," అంది ఫోన్లో.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుందక్కా," అన్నాడు ప్రవీణ్. రెండేళ్ళుగా ఓడుతున్నవాడికి ఆ మాత్రం సంతోషం న్యాయమే.

ఆ మంగళవారం ఇంకో సంగతి కూడా జరిగింది, కానీ దానికీ గోల్ఫ్‌కీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు? ఇంటావిడ దుర్గమ్మ పొద్దున్నే కుళాయి దగ్గర పాచిమీద కాలు జారి పడింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

దుర్గమ్మకి అరవై దాటాయి. పన్నెండో ఏట మగ్గం గుంటలో కాళ్ళు పెట్టింది. భర్త పోయాక కూడా ఆ గుంటలోంచి లేవలేదు. ఆమె మగ్గం గదికీ లిడియా గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. లిడియా అద్దెకి దిగిన కొత్తలో, కుడిచేత్తో తాడు లాగడం, దారం మోసే నాడె ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తడం, పేక మీద చెక్క పడడం, ఆ టక్కుటక్కులకి తల పగిలిపోయేది. పేపర్లు దిద్దుకోవాలి, సాయంత్రాలు కాస్త ఆపుతారా అని వెళ్ళి అడిగింది కూడా.

"ఆయ్, ఒక్క వారం ఓపిక పట్టమ్మా," అంది దుర్గమ్మ అప్పుడు. "తరవాత నీకు వినపడదు."

అన్నట్టే అయింది. వారం తిరిగేసరికి లిడియా చెవులు ఆ చప్పుడుని లెక్కలోంచి తీసేశాయి.

ఇప్పుడు చెయ్యి విరిగినప్పుడు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళిందీ, కట్టుతో తిరిగి తెచ్చిందీ లిడియానే. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. చీరకని పొడుగునా దారాలు పోసిన పడుగు సగం నేతలో మగ్గంమీదే ఉండిపోయింది. దుర్గమ్మ దానిమీద పాత చీర కప్పి, రోజుకి నాలుగుసార్లు వెళ్ళి ఆ చీర అంచు పైకెత్తి చూసుకునేది. లిడియా ఆమెకి జడ వేసేది, అన్నం కలిపి పెట్టేది. పిన్నిగారూ అని పిలుస్తూ పిలుస్తూ నిజంగానే పిన్నిని చేసేసుకుంది.

ఆ ఆరు వారాల్లోనే పుట్టర్ సంగతి తేల్చాలని కూడా కూర్చుంది. ఒక నోటుపుస్తకం తీసి, నిలువుగా గీత కొట్టి, ఒక పక్క పాతది, ఒక పక్క కొత్తది అని రాసింది. పది బంతులు దీంతో, పది దాంతో, మార్చి మార్చి, పిల్లలకి ప్రయోగాలు ఎలా చెయ్యాలని చెబుతుందో అలాగే. ఒక్కోదానితో రెండొందలయ్యాక కూడింది. కొత్త పుట్టర్‌తో నూటికి యాభై. పాతదాంతో నలభై ఎనిమిది.

రెండు బంతుల తేడాని ఏ స్టాటిస్టిక్స్ మేడమూ తేడా అనదు. అంటే కొత్త పుట్టర్ గొప్పదీ కాదు, చెడ్డదీ కాదు. మరి పాతదాంతో డెబ్భై ఒకటి వచ్చేవి, ఆ ఇరవై మూడు బంతులూ ఎక్కడికి పోయాయి? కళ్ళేమోనని డాక్టరుకి చూపించుకుంది. కళ్ళు నిక్షేపంలా ఉన్నాయన్నారు. వయసేమో అనుకుంది. ముప్ఫై ఆరుకే వయసేమిటని తనే కొట్టి పారేసింది.

కట్టు విప్పిన మూడో రోజు శనివారం. ఎముక బాగా అతికింది, మెల్లగా పని చేసుకోవచ్చన్నారు డాక్టరుగారు. సాయంత్రం లిడియా గదిలో కూర్చుని పాత పుట్టర్‌తో ఆడుతోంది. మొదటి బంతి పడింది. రెండోదీ పడింది. పదిట్లో ఎనిమిది. మళ్ళీ పదిట్లో ఏడు. పోయిన చెయ్యి తిరిగొచ్చిందని పొంగిపోయి ప్రవీణ్‌కి ఫోన్ చెయ్యబోయింది. ఇంకో నాలుగు ఆడి చేద్దామనుకుంది. నాలుగూ పోయాయి.

అప్పుడు గోడవతల మగ్గం ఆగిపోయిందని, ఎవరో ముక్కు ఎగబీల్చారని వినపడింది.

వెళ్ళి చూస్తే దుర్గమ్మ మగ్గం గుంటలోనే కూర్చుని, ఆ రోజు నేసిన జానెడు గుడ్డలోంచి పేక దారాలు ఒక్కొక్కటే పీకేస్తోంది. పీకిన దారం పక్కన ముద్దగా పడి ఉంది.

"ఎందుకు పీకేస్తున్నారు పిన్నిగారూ?"

"బాలేదమ్మా. ఓ చోట బిగువు, ఓ చోట వదులు. చెయ్యి నా మాట వినట్లేదు." దుర్గమ్మ మణికట్టు పట్టుకుని నొక్కుకుంది. "ఇదివరకు దెబ్బ పడగానే చేతికి తెలిసేది. ఇప్పుడు ఏం తెలీట్లేదు. మొద్దుబారిపోయింది."

"నాకు బాగానే కనపడుతోందండీ."

"నీకేం తెలుసమ్మా చీర," అంది దుర్గమ్మ. కోపంగా కాదు, ఉన్నమాట. "నాగసతీష్‌కి ఫోన్ చేసేసేను. సోమవారం పొద్దున్నే వచ్చి పడుగు కోసుకుని పట్టుకుపోతాడు. ఇంకెవరికైనా ఇస్తాడు. చెడిపోయిన చేత్తో చీర పాడు చేసేకంటే అదే మర్యాద."

నాగసతీష్ నేతగాళ్ళకి పడుగులు ఇచ్చి చీరలు తీసుకునేవాడు. అతను పడుగు కోసి తీసుకెళ్ళాక మగ్గం ఉత్త కర్రలే. ఈ వయసులో మళ్ళీ కొత్త పడుగు అడగడానికి దుర్గమ్మ నోరు రాదు. అది లిడియాకి తెలుసు. ఏం చెప్పాలో మాత్రం తెలియలేదు. నిజంగానే తనకి చీర తెలియదు.

గదికొచ్చి ఊరికే నోటుపుస్తకం తిరగేసింది. మొదటి పేజీలో, బంతులు తప్పడం మొదలైన రోజని రాసుకున్న తేదీ చూసి ఆగింది. బంతులు పడడం మానేసిన మంగళవారం, దుర్గమ్మ పడిపోయిన మంగళవారం. ఇవాళ మగ్గం ఆడినంతసేపూ బంతులు పడ్డాయి. ఆగింది, పోయాయి.

లిడియా నుదురు కొట్టుకుంది. ఒకేసారి రెండు మారితే దేనివల్ల తేడా వచ్చిందో చెప్పలేమని ఏటా జూన్‌లో పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరుతుంది. అలాంటిది కొత్త పుట్టర్ వచ్చిందని మాత్రం చూసి, మగ్గం ఆగిపోయిందని చూడలేదు. రెండేళ్ళుగా ఆమె వేలు ఒక టక్‌కి మోపి, తరవాతి టక్‌కి వదులుతోంది. డెబ్భై ఒకటిలో సగం గొప్ప దుర్గమ్మది. తమ్ముడన్న సామెత తిరగబడింది. ఆడడం చేతకాక కాదు, ఇక్కడ నిజంగానే మద్దెల ఆగిపోయింది.

ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చి ఆమె లేచి నిలబడింది. ఇవాళ ఇరవైలో పదిహేను పడ్డాయి. దెబ్బ తడబడితే అన్ని పడవు. అంటే పిన్నిగారి చెయ్యి చెడిపోలేదు.

మర్నాడు చర్చి నుంచి వస్తూనే ప్రవీణ్‌కి ఈ వారం ఆట లేదని చెప్పేసి, దుర్గమ్మ ముందు కూర్చుని అంతా వివరించింది. దుర్గమ్మ శ్రద్ధగా విని, ఫోన్ తీసుకుని, సూదిని, బంతిని, గుంటని పరకాయించి చూసింది.

"నాదీ గుంటే, నీదీ గుంటే. బానే ఉంది గానీ, నలభై తొమ్మిదేళ్ళ నేతని ఈ గోళీలాటతో తూస్తావా?"

"నాకు చీర తెలీదని మీరే అన్నారు గదండీ. నాకు తెలిసింది లెక్కే."

"నా మీద ప్రేమకొద్దీ పడ్డాయని చెబుతావు నువ్వు."

"చెప్పనండీ."

దుర్గమ్మ కాసేపు ఆలోచించింది. ఆ ఆలోచన చూస్తే, బడికి పంపి ఉంటే ఈవిడ లిడియాకే పాఠం చెప్పేదని ఎవరైనా ఒప్పుకుంటారు. "అయితే ఇలా చేద్దాం. నువ్వు నీ గదిలోకి పో. నేను నేస్తాను. ఒకసారి సరిగ్గా నేస్తాను, ఒకసారి కావాలని తడబడతాను, ఆ దారాలు తరవాత పీకేస్తాను. ఎప్పుడేదో నీకు చెప్పను. నువ్వు పది పది ఆడి, ఎన్ని పడ్డాయో కాగితం మీద రాసుకో. నేను ఈ గుంజమీద సుద్దతో గీసుకుంటాను. తరవాత రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

లిడియా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పోటీల్లో ఎన్నడూ లేని భయం వేసింది. ఇక్కడ బంతి పోతే బంతి ఒక్కటే పోదు. గోడవతల టక్కుమంది. చెవి రిక్కించకూడదు, మామూలుగా ఆడాలి అని తనకి తనే చెప్పుకుని వేలు మోపింది.

ఐదు విడతలయ్యాక కాగితం పట్టుకుని వచ్చింది. ఎనిమిది, మూడు, ఏడు, ఎనిమిది, నాలుగు.

దుర్గమ్మ చెయ్యి పక్కకి తీసి గుంజ చూపించింది. నిలువు గీత, వంకర గీత, నిలువు, నిలువు, వంకర.

దుర్గమ్మ కాగితం తీసుకుని ఆ అంకెల్ని వేలితో ఒక్కొక్కటే ముట్టుకుంది. తరవాత ఎడమచేత్తో కుడి మణికట్టుని, అలిగిన పిల్లని దగ్గరకి తీసుకున్నట్టు పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చేతికి తెలీట్లేదమ్మా, అయినా చేస్తోంది," అంది.

"తెలుస్తుందండీ మెల్లగా."

"నిన్న జానెడు గుడ్డ ఊరికే పీకేసేను గదా."

"ఆయ్, పీకేసేరు," అంది లిడియా. ఇద్దరూ నవ్వారు.

సోమవారం పొద్దున్న నాగసతీష్ కత్తెర, సంచీ పట్టుకుని వచ్చేసరికి దుర్గమ్మ మగ్గం గుంటలో ఉంది. లేవలేదు.

"పడుగు తీసుకెళ్ళమన్నారు గదండీ," అన్నాడతను గుమ్మంలోనే నిలబడి.

"అన్నాను బాబూ. ఇప్పుడు వద్దంటున్నాను. శ్రమపడి వచ్చేవు, కాఫీ తాగి వెళ్ళు."

నాగసతీష్ వంగి, కొత్తగా నేసిన మూరెడు గుడ్డని వెలుతురుకి ఎత్తి, వేళ్ళమధ్య రాసి చూశాడు. అతను మెచ్చుకునే రకం కాదు. గుడ్డ వదిలేసి, కత్తెర సంచీలో వేసుకుని, కాఫీలో పంచదార తక్కువ వెయ్యమన్నాడు. లిడియాకి ఆ రోజు మొదటి పీరియడ్ ఉన్నా, ఆ మాట విన్నాకే బస్సుకి బయల్దేరింది.

ప్రవీణ్ ఆ తరవాతి ఆదివారం మళ్ళీ ఓడాడు. ఏ పుట్టర్‌తో గెలిచావని అడిగితే, పాతదాంతోనే అంది. కొత్తది తీసుకోమంటావా అంటే, బండారులంకలో అద్దెకి గది చూసుకోమంది.

అప్పటినుంచి సాయంత్రాలు గోడకి అటూ ఇటూ ఒక అలవాటు మొదలైంది. పది బంతులయ్యేసరికి మగ్గం ఒక్క క్షణం ఆగుతుంది, "ఎన్ని?" అని వినపడుతుంది. లిడియా ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ఏడంటే మగ్గం హుషారుగా కదులుతుంది. ఆరంటే దుర్గమ్మ లేచి కాసేపు చేతికి వేడినీళ్ళ కాపడం పెట్టుకుని వస్తుంది. లిడియా ఒక్క బంతి కూడా ఎక్కువ చెప్పలేదు, చెప్పాలని చాలాసార్లు అనిపించినా.

దసరా సెలవులకి ముందు ఒక సాయంత్రం మగ్గం ఆగింది.

"ఎన్నమ్మా?"

లిడియా తెరవంక చూసి, గొంతు తగ్గించి, "నాలుగండీ," అంది.

అవతల చప్పుడు లేదు. పిన్నిగారు మళ్ళీ మణికట్టు నొక్కుకుంటున్నారేమోనని లిడియా సగం లేచింది.

"నాలుగా?" అంది దుర్గమ్మ గోడవతలనుంచి. "అయితే అది నీ చెయ్యేనమ్మా, నాది కాదు. ఈపూట నేను బానే నేసేను, నాకు తెలుస్తోంది."

మగ్గం మళ్ళీ మొదలైంది.