మూరకో మందారం

“ఇదింక ఎప్పటికీ నోరిప్పకపోతే ఏటవుద్దండీ?” అంది చిన్నమ్మలు.

ఫస్ట్ షిఫ్టుకి బూట్లు తొడుక్కుంటున్న దుర్గారావు తలెత్తలేదు. “ఏటీ అవదు. ఆకలేస్తే అదే మాటాడుద్ది.”

“ఆకలేసినా మాటాడ్డం నేదు కదా! కంచం పెడితే తింటంది, తీస్తే ఊరుకుంటంది.”

పన్నెండో తరగతి ఫలితాలొచ్చి తొమ్మిది రోజులైంది. కూతురు సత్యవాణి లెక్కల్లో తప్పింది. అదీ చిన్నప్పట్నుంచీ లెక్కల్లోనే ఫస్టు వచ్చిన పిల్ల. పేపర్లో నెంబరు కనిపించని ఆ పొద్దుట్నుంచీ ముందుగదిలో మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. కిటికీ మూసేసింది. తీస్తే ముళ్లకంచె, కంచె అవతల రోడ్డు. ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్లుండే ఈ రుఆబాంధా సెక్టారులో సగం మంది ఆ రోడ్డు మీదే నడుస్తారు, నడిచే ప్రతివాళ్లూ లోపలికి తొంగి చూస్తారు.

ఆ మూసిన కిటికీ చూస్తే చిన్నమ్మలుకి పిల్ల ఏం చేసుకుంటుందోనని భయం. కిరసనాయిలు డబ్బా అటకెక్కించి, నిచ్చెన పక్కింటికిచ్చేసింది. స్నానాలగది గడియ ఊడబీకింది. లోపల నీళ్ల చప్పుడు ఆగితే చాలు, బయట నిలబడి ఉత్తుత్తి దగ్గు దగ్గేది.

ఆ మధ్యాహ్నం పక్క క్వార్టరు అప్పలనర్సమ్మ కంచె మీంచి పళ్లెం చాచింది. “మా బలరాం సెకండ్ డివిజన్ వొదినా! మిఠాయి తీసుకో. పిల్ల కిటికీ తియ్యదేటి? పోన్లే, ఆడపిల్లకి లెక్కలెందుకులే.”

చిన్నమ్మలు మిఠాయి తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు. అక్కడే నిలబడి కంచె ఈ మూల నుంచి ఆ మూలకి చూసింది. దీన్నిండా పూలుంటే? ఎర్రవి, పచ్చవి, గులాబిరంగువి ఒత్తుగా పూస్తే, చూసేవాళ్ల కళ్లు పూల దగ్గరే ఆగిపోతాయి. అప్పుడు పిల్ల కిటికీ తీస్తుంది. తీసి తీరాలి.

ఏ పూలన్న దగ్గరే మళ్లీ భయాలు. సంపెంగ వేస్తే వాసనకి పాములొస్తాయి. గులాబీకి ముళ్లు. గన్నేరు అనుకోగానే గన్నేరుపప్పు గుర్తొచ్చింది, ఆ పేరు ఇంకోసారి తలుచుకోలేదు. చివరికి మందారాలు తేల్చింది. వాసన లేదు, విషం లేదు, రంగులకి లోటు లేదు.

గునపం పట్టుకుంది. ఆ నేలలో మట్టికంటే ఫ్యాక్టరీ పారబోసిన స్లాగు గడ్డలే ఎక్కువ. అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో రోజుకి కంచె పొడవునా గాడి తయారైంది. మర్నాడు పొద్దున్నే ముగ్గుగిన్నె పట్టుకుని మూల స్తంభం దగ్గర ఒక చుక్క పెట్టింది. మోచేతినుంచి వేలికొస దాకా కొలిచి ఇంకో చుక్క. అలా మూరకో చుక్క చొప్పున గేటు స్తంభం దాకా పెట్టి లెక్కపెట్టుకుంది. పదిహేడు.

“ఏవండీ, మరోదా వైపు నర్సరీకెల్లి పదిహేడు మందారాలు తెండి. మూరకో రంగు.”

దుర్గారావుకి ఆ రోజు వీక్లీ ఆఫ్. స్టీలు టేపు తెచ్చి కంచె కొలిచాడు. “ఇరవైనాలుగడుగులు. మూరంటే అడుగున్నర. పదహారే!”

“నా చుక్కలు పదిహేడున్నాయి.”

“నీ చుక్కలెవడికి కావాలే? ఇరవయ్యేళ్లబట్టి మిల్లులో రైలుపట్టాలు కోయిస్తన్నాను. ఇరవైనాలుగడుగుల పట్టా అడుగున్నర చొప్పున కోస్తే ఎన్నొస్తాయో నాకు తెల్దేటి?”

“నేను పుట్టి బుద్ధెరిగిన కాణ్నించీ ముగ్గులెడతన్నాను. చుక్కలు లెక్కెట్టడం నాకు తెల్దేటి?”

“ఎన్నో తరగతి సదివేవే నువ్వు?”

“ఐదు. అయితే నా కళ్లు పోయాయేటి? రండి, వేలెట్టి లెక్కెట్టండి!”

ఆయన వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదిహేడొచ్చింది. టేపు మళ్లీ లాగాడు. పదహారొచ్చింది. “నీ చెయ్యి పొట్టిది, అదీ సంగతి,” అన్నాడు. ఆమె మోచెయ్యి టేపు మీద ఆనించింది. సరిగ్గా అడుగున్నర. ఆయన ముక్కు గోక్కున్నాడు.

చిన్నమ్మలు మూసిన కిటికీవైపు తిరిగింది. అడగాలంటే భయమేసింది. లెక్క మాటెత్తితే పిల్ల ఇంకా ముడుచుకుపోతే? గోడకి తల కొట్టుకుంటే? అయినా కిటికీ దగ్గరకెళ్లి చెక్క మీద చెయ్యి వేసింది.

“సత్తెవాణీ! మీ నాన్న పదహారంటన్నారు, నేను పదిహేడంటన్నాను. ఎవరి లెక్క తప్పో సెప్పమ్మా.”

రోడ్డు మీద సైకిలొకటి పోయింది. దుర్గారావు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. ఎండ చెంప మీదికొచ్చినా కదల్లేదు. సాయంత్రం దాకా అయినా నిలబడేదే.

గడియ కిర్రుమంది. కిటికీ రెక్క బెత్తెడు తెరుచుకుంది. రెండు కళ్లు గాడి మీద, తెల్లటి చుక్కల మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాయి.

“పదిహేడు,” అంది సత్యవాణి, గొంతు బొంగురుగా. “నాన్న చుక్కల మధ్య ముక్కలు లెక్కెట్టేడు, నువ్వు చుక్కలు లెక్కెట్టేవు. దోనో సహీ హై, ఇద్దరిదీ కరెక్టే. కానీ మొక్కలు చుక్కల్లోనే కదా పాతేది!”